పెండ్లికని చెప్పి హన్మకొండకు

పద్యాలు వినడానికి రైలెక్కే మనిషికి భయమెందుకని ఈనాటివాళ్లు అడగవచ్చు. నిజాం ఏలుబడి చివరి సంవత్సరాల్లో మా వైపు నలుగురు ఒకచోట కూర్చుంటే అది సభ, సభ అంటే ఠాణా. మా చిన్నాయన ఈ ప్రయాణానికి ముందటేడు ఏదో సభ చూడబోయి పట్టుబడ్డాడు. ఆయన నోరు విప్పింది లేదు, వెనక నిలబడి విన్నాడంతే. చేతివేళ్ల మీద లాఠీతో కొట్టి పంపారు. తర్వాత కూడా రోజూ మగ్గం గుంటలో కూర్చునేవాడు గానీ, తెగిన పోగు అతకడానికి ఆ వేళ్లు వంగేవి కావు. సాలెవాడికి వేళ్లు పోతే ఇంక మిగిలేదేముంది? ఈ ప్రయాణమంతా నేను నా వేళ్ల కోసం భయపడుతూనే చేశాను.

అయినా పోయానంటే పద్యాల పిచ్చి అలాంటిది. కృష్ణవేషం కట్టే ఒక నటుడుండేవాడు. అభిమానులందరం ఆయనను పెద్దాయన అనేవాళ్లం. నేనాయనను కళ్లతో చూసింది లేదు. మా రఘునాథపల్లి స్టేషన్ బయట చాయ్ హోటల్లో ఆయన గ్రామఫోను ప్లేటు ఒకే ఒక్కటి ఉండేది. చీరల మూట రైలుకు వేయడానికి పోయినప్పుడల్లా అది వింటూ, ఇంటికొచ్చి మగ్గం మీద పాడుకుంటూ నేర్చుకున్నాను. మా చీరలు కొనే హన్మకొండ వ్యాపారి రామకిష్టయ్య గారికి ఈ సంగతి తెలిసింది.

"ఆయితారం మా ఇంట్ల పెద్దాయన అభిమానులందరు కూడుతాండ్రు. సర్కారు ఇజాజత్ గూడ తీసుకున్న. జర ఫికర్ చెయ్యకుంట వచ్చెయ్" అన్నాడు.

అనుమతి అడిగాడంటే పోలీసులకు తెలిసిందన్నమాటే. ఆ మాటతో నా ధైర్యం సగానికి సగం తగ్గింది.

నా భార్య నర్సవ్వ జొన్నరొట్టెలూ ఉల్లిగడ్డ కారమూ మూటకట్టింది. "సభ అన్న మాట నోట్లకెళ్లి రానియ్యకు. ఎవలడిగినా పెండ్లికి పోతాన్న అని చెప్పు" అంది. ఊళ్లో అందరికీ అదే చెప్పాను.

పొద్దుటి పాసింజరు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. డబ్బాలో నా పక్కన సీతాఫలాల గంపతో ఎల్లవ్వ కూర్చుంది. ఆమెది పక్క ఊరే. రోజూ కాజీపేటకు పోయి పండ్లమ్మి, పొద్దుగూకే బండికి తిరిగివస్తుంది.

"యాడికి బిడ్డా, గింత తెల్లటి ధోతి కట్టినవ్?"

"పెండ్లికి, అవ్వా."

"పెండ్లా? గీ నెల ముహూర్తాలే లేవు గద!"

ఎదురుగా ఖాకీ చొక్కా తొడుక్కున్న మనిషి తల తిప్పి నా వైపు చూశాడు. "మావోల్ల దాంట్ల ఉన్నయి" అని ఏదో గొణిగి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఘనపురంలో ఆ ఖాకీ మనిషి దిగి, పట్టాల వెంట గేటు వైపు నడిచాడు. పాపం, ఆయన రైల్వే గేటు కాసేవాడు.

కాజీపేటలో దిగి జట్కా ఎక్కాను. మనిషికి రెండణాలు. ముందే బేరం చేసుకోకపోతే దిగాక నాలుగంటారు. సుబేదారిలోని సర్కారు కచేరీల ముందు నుంచే దారి. అక్కడ తుపాకులు పట్టుకున్న జవాన్లు నిలబడి ఉంటే, నేను తల మోకాళ్లలోకి దించుకున్నాను. జట్కా సాయిబు వెనక్కి తిరగకుండానే, "తల లేపు భాయ్. దించినోన్నే ఆపుతరు" అన్నాడు. తల ఎత్తాను గానీ, చేతులు మాత్రం చంకల్లో దాచుకున్నాను.

రామకిష్టయ్య గారి ఇంటి నడిమింట్లో ముప్ఫైమందికి పైనే ఉన్నారు. వకీళ్లు, పంతుళ్లు, ఒక మంగలి, ఒక రైల్వే గుమాస్తా. కుర్చీలో పెద్దాయన ఫోటో పెట్టి బంతిపూల దండ వేశారు. పక్కన గ్రామఫోను, దాని చుట్టూ ప్లేట్ల దొంతరలు. ఒక్క ప్లేటుతో బతికినవాణ్ని, అన్ని ఒకచోట చూసేసరికి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. పోలీసుల సంగతి కాసేపు మరిచిపోయాను కూడా.

వాళ్లకొక కట్టుబాటు ఉంది. తొలిసారి వచ్చినవాడు పెద్దాయన ఫక్కీలో ఒక పద్యం పాడాలి. మెచ్చితే "వన్స్ మోర్" అంటారు. లేకపోతే సాయంత్రం దాకా గ్రామఫోనుకు చావి తిప్పుతూ కూర్చోవాలి. మధ్యాహ్నం పులిహోర, గారెలు పెట్టారు. రుచి చెప్పమంటే చెప్పలేను, లోలోపల పద్యమే వల్లెవేసుకుంటున్నాను.

విస్తళ్లు ఎత్తాక నన్ను నిలబెట్టారు. అది శత్రువును కవ్వించే పద్యం. సగం పాడానో లేదో, గడపలో బూట్ల చప్పుడయింది. ఠాణా పెద్ద అమీన్ సాబు, వెనక ఇద్దరు జవాన్లు. నా కళ్లు అమీన్ ముఖానికి అతుక్కుపోయాయి. నోరు మాత్రం మగ్గం మీది అలవాటుకొద్దీ ఆగకుండా పాడుకుపోయింది.

"రానీ, చూతము! రానీ, చూతము! రానీ, చూతము!"

నా పక్కనున్నవాళ్లు మెల్లగా దూరం జరిగారు.

"క్యా రే!" అన్నాడు అమీన్. "ఎవన్ని రమ్మంటానవ్? ఒక్కసారి గాదు, మూడుసార్లు! నా మొఖం చూసుకుంట!"

రామకిష్టయ్య గారు చేతులు జోడించాడు. "పద్యం సాబ్, పద్యంల మాటే. ప్లేటు వినుండ్రి." అంటూ ఆ ప్లేటు పెట్టాడు. అందరం చెవులు రిక్కించి విన్నాం. పెద్దాయన ఆ మాట ఒక్కసారే అన్నాడు!

"ఒక్కసారే ఉన్నది" అన్నాడు అమీన్, నా వైపు అడుగు వేస్తూ.

చిన్నాయన వేళ్లు కళ్లముందు కనబడ్డాయి. "మా హోటల్ల మూడుసార్లే అంటడు సాబ్" అన్నాను. "మూడోసారి అయినంక హోటలాయన వచ్చి ముల్లు జరుపుతడు." ఆ మాట అంటుంటేనే నాకు అర్థమైంది, మా హోటల్ ప్లేటుకు గీత పడి ఉందని. ఇన్నాళ్లూ నేను ఆ గీతను కూడా పెద్దాయన గొప్పతనంలోనే లెక్కగట్టి నేర్చుకున్నాను.

అమీన్ నమ్మలేదు. "మల్ల పాడు. మొదటికెళ్లి. ఎట్ల పాడినవో అట్లనే."

మొదటి నుంచి పాడాను. మార్చుదామన్నా నాకు ఇంకో రకంగా రాదు. "రానీ, చూతము" మూడుసార్లూ వచ్చింది. మూడోదాని తర్వాత, ముల్లు జరిపినప్పుడయ్యే "టక్" చప్పుడు కూడా నాలుకతో కొట్టాను. అదీ పాటలో భాగమేననుకునేవాణ్ని. చివరి పాదంలో చావి దిగిపోయినప్పటిలా గొంతు లావై, నెమ్మదై, నిద్రమత్తు మనిషి మాటలా సాగింది. అది పెద్దాయన దుఃఖమని నేను ఎన్నిసార్లు కళ్లనీళ్లు పెట్టుకున్నానో!

అమీన్ నా వైపే చూస్తున్నాడు. మీసం కింద ఏదో కదిలింది.

"ఈనికి చావి ఇయ్యుండ్రి" అన్నాడు.

ఇల్లు పగిలేట్టు నవ్వారు. జవాన్లూ నవ్వారు. వెనకనుంచి మంగలి లేచి, "వన్స్ మోర్!" అని అరిచాడు. నేను మాత్రం నవ్వలేదు. వెళ్లేముందు అమీన్, "ఏ ఊరు?" అని అడిగాడు. చెప్పాను. "యాదుంచుకుంట" అని బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్లాడు. ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

తర్వాత రామకిష్టయ్య గారు ఆ పద్యాన్ని నాకోసం మళ్లీ మళ్లీ పెట్టాడు. సరిగ్గా నేర్చుకున్నాను. తోడుగా జట్కాలో కాజీపేట స్టేషన్ దాకా వచ్చి, "వచ్చే ఏడు గూడ రావాలె" అన్నాడు. అభిమానుల మధ్యకు కొత్తగా పోయేవారికి నేను చెప్పేదొకటే. మీరు నేర్చింది తప్పని తేలినా, అంత ప్రేమగా నవ్వేవాళ్లు ఇంకెక్కడా దొరకరు. దారిలో భయం మాత్రం భరించాలి.

పొద్దుగూకే బండిలో ఎల్లవ్వ ఖాళీ గంపతో మళ్లీ నా పక్కకే వచ్చింది.

"పెండ్లి మంచిగయిందా బిడ్డా?"

"అయింది అవ్వా."

"పాట పాడినవా? నువ్వు హోటల్కాడ కూనిరాగం తీస్తాంటే ఇన్న. ఏదీ, ఓసారి పాడు."

చేతులు చంకల్లోనే పెట్టుకుని, చక్రాల చప్పుడు చాటున మెల్లగా, కొత్తగా నేర్చుకున్నట్టు పాడాను. ఎల్లవ్వ ముఖం చిట్లించింది.

"అగో, ఒక్కసారే అన్నవేంది? మూడుసార్లు అంటడు గద!"

ఆ దినమంతా రాని నవ్వు అప్పుడొచ్చింది. డబ్బాలో ఖాకీ బట్టలు ఎక్కడైనా ఉన్నాయేమోనని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాను. లేవు. చంకల్లోంచి చేతులు తీసి, గంప అంచు మీద తాళం వేస్తూ, ఆమెకోసం మూడుసార్లూ పాడాను. టక్ కూడా వదల్లేదు.