సవతిని వెంట తెచ్చుకున్న మరదలు

మా మరదలు పోయిన సంగతి రంగూన్‌లో మన వాళ్ళకు చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. వానలు ముదిరాక జ్వరం పట్టుకుంది. దిగలేదు. తెలియని వాళ్ళకు ఇలా తెలియజేస్తున్నాను. ఆమె నా తమ్ముడి భార్య. మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు కట్టకు ఇవతల, ఒకే చూరు కింద, ఒకే పొయ్యి మీద వండుకుని బతికాం.

ఆమె మంచం పట్టకముందు ఒక ఉదయం గుర్తొస్తోంది. ఆ రోజుకు ప్రత్యేకత ఏమీ లేదు. అప్పుడే తెల్లవారుతోంది. నేను స్నానం చేసి, దీపం వెలిగించి, జపమాల పట్టుకున్నాను. చేపల పులుసు సేమియా అమ్మే బర్మా ఆవిడ కేక వేసుకుంటూ వీధి వెంట పోయింది. తమ్ముడు రేవుకు వెళ్ళే తొందరలో చద్దన్నం తింటున్నాడు. వెనక వసారాలో, దూలానికి వేలాడదీసిన ఊక మూట మీద ధబ్‌మని ఒక దెబ్బ పడింది. కాస్త ఆగి ఇంకొకటి. నేను రామ అనేసరికి అక్కడ ధబ్. రామ, ధబ్. కొన్నేళ్ళుగా ఇదే వరస. దెబ్బ పడితే గాని నా చేతిలో పూస జరగని స్థితికి వచ్చాను.

"కాస్త నెమ్మదిగా తన్నవే. రాముడు బెదిరిపోతాడు" అన్నాను.

"బెదరడండి వదినగారూ. రాక్షసుల్ని చూసిన ఆయనండి" అంది మా మరదలు, గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి. చెంగు నడుముకు బిగించి ఉంది. కాళ్ళకు పాత తోలు జోడు. ముఖమంతా చెమట.

జోడు గడప అవతలే విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చి, నా ముందు టీ గ్లాసు పెట్టింది. తమ్ముడు చద్దన్నం ముద్ద చేతిలో పట్టుకునే నవ్వుతున్నాడు. నాతో మాట్లాడేటప్పుడు వాడికి ఆ నవ్వు ఎన్నడూ రాలేదు. వాణ్ణి ఎత్తుకుని పెంచినదాన్ని నేను.

ఆమె పుట్టిల్లు యానాం. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు. ఇక్కడ మన తెలుగువాళ్ళందరినీ కోరంగీలని పిలుస్తారు కదా. "మీరంతా పేరుకే కోరంగీలండి. నేను అసలు కోరంగి పక్క నుంచి వచ్చానండి" అని మమ్మల్ని ఏడిపించేది. వాళ్ళ నాన్న ఫ్రెంచి ఓడలో బొగ్గు వేసేవాడు. పని లేని వేళ ఓడవాళ్ళు జోళ్ళు తొడుక్కుని కాళ్ళతో కొట్లాడుకునేవారట. అది ఆయన నేర్చుకుని, తన ఒక్కగానొక్క కూతురికి నేర్పాడు. ఆ విద్య పేరు సవాత్. ఫ్రెంచిలో పాత జోడు అని అర్థమట.

కాపురానికి వచ్చిన నాడే ఆ పేరుతో గొడవ అయింది. ఎదురింటి ఆవిడ చూడవచ్చి, "ఏటమ్మా, యానాం నుంచి ఏటి తెచ్చుకున్నావు?" అని పలకరించింది.

"ఏం లేదండి. నా సవాత్ ఒక్కటేనండి."

ఆవిడ నోరు తెరిచింది. "సవతిని ఎంటెట్టుకొచ్చినావా? ఏదీ, ఎక్కడున్నాది?" అని మా మరదలి భుజం మీదుగా వీధిలోకి తొంగి చూసింది. ఆవిడకు కనిపించింది మా తమ్ముడు మోసుకొస్తున్న ట్రంకు పెట్టె ఒక్కటే.

ఆనాటి నుంచి మా వీధిలో ఆ విద్యకు సవతి అనే పేరు స్థిరపడింది. "సవతి నేర్చుకోడానికి ఎల్తన్నాను" అని ఎవరైనా అంటే కొత్తగా ఓడ దిగినవాళ్ళు హడలిపోయేవారు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఆ పేరు మాత్రం నాకు ఎక్కడో గుచ్చుకునేది. మా ఇంట్లోకి నా వంతు పంచుకోవడానికి ఎవరో వచ్చారని వీధికి కూడా తెలిసిపోయినట్టు.

ఆమె మొదటిసారి ఊక మూట కట్టించుకుని తన్నిన పొద్దున నేను ఊరుకోలేకపోయాను.

"కాలితో తన్నడం పాపం కదే."

"ఊకే కదండి వదినగారూ."

"ఊకైతే మాత్రం? మొన్నటిదాకా బియ్యాన్ని కడుపులో దాచుకున్నదే కదా."

ఆమె నా వంక చూసింది. వంగి, తన్నిన చోట మూటను చేత్తో తాకి, కళ్ళకు అద్దుకుంది. ఆ తర్వాత ఏనాడూ అది మానలేదు.

మా ముందుగదిలో శనివారం సాయంత్రాలు ఆడవాళ్ళ భజన జరుగుతుంది. నేను విధవనై తమ్ముడి పంచన చేరిన కొత్తలో మొదలుపెట్టినది. బియ్యం మిల్లుల్లో పనిచేసే మన ఆడవాళ్ళంతా వచ్చేవారు. పాడేవారు, ఆ తర్వాత తమ కష్టాలు నాతో చెప్పుకునేవారు. మిల్లు నుంచి పొద్దు వాలాక నడిచి రావడమే వాళ్ళకు పెద్ద కష్టం. దారిలో మగవాళ్ళు అడ్డం నిలబడతారు. ప్రార్థన చెయ్యమని చెప్పేదాన్ని. అది తప్పు మాట కాదని ఇప్పటికీ నా నమ్మకం.

మా మరదలు ఆ మాట ఒక శనివారం విన్నది. "ప్రార్థన చేస్తూనే ఇలా చెయ్యండి" అని వాళ్ళను వెనక వసారాలోకి పిలిచింది. అంతే. వారం వారం నా ముందుగది పలచబడింది, వెనక వసారా నిండింది. తాళాలు వేసే ఆవిడ కూడా వెళ్ళిపోయింది. తాళాలు చేతిలో పట్టుకునే వెళ్ళింది. పబేడాన్‌లో కిళ్ళీలు కట్టే బర్మా ఆవిడ ఒకతె నన్ను 'అమ' అంటుంది. వాళ్ళ మాటలో అప్ప అని. నన్ను నోరారా 'అమ' అని పలకరించి, నా ముందు నుంచే నేరుగా వసారాలోకి నడిచేది.

చివరికి మా మేనకోడలు, తమ్ముడి కూతురు, నా ఒళ్ళో అక్షరాలు దిద్దిన పిల్ల, అదీ వాళ్ళమ్మ పక్కన జోడు తొడుక్కుని నిలబడింది.

గోడ ఇవతల నుంచి ఆమె చెప్పేవన్నీ వినపడేవి. "పైకెత్తి తంతే చీర అడ్డమమ్మా. కిందికే తన్నాలి. మోకాలి కింద ఎముక మీద, జోడు అంచుతో." ఇంకొక మాట మరీ తరచుగా అనేది. "తన్నేది గెలవడానికి కాదు, ఇంటికి రావడానికి. ఒకటి తన్ని పరిగెత్తుకొచ్చెయ్యండి."

ఒక సాయంత్రం మిల్లు నుంచి వస్తున్న మన తెలుగామె ఒకతె చెయ్యి ఎవడో రైలు వంతెన దగ్గర పట్టుకున్నాడు. ఆమె నా భజనలో మొదటి నుంచీ ఉన్న మనిషి. ఏ కష్టమొచ్చినా నా దగ్గరే ఏడ్చేది. ఆ వేళ మాత్రం నా గుమ్మం దాటి వెనక్కి పరిగెత్తింది. నేను లేచి వెళ్ళాను.

"తన్నీసినానమ్మా. సరిగ్గా ఎముక మీదే. ఆడు కూలబడిపోనాడు."

"వచ్చెయ్యలేదా మరి?" అంది మా మరదలు.

"ఎలాగొచ్చేత్తాను? కాలు తగిలిపోనాది కదా. వొంగి ఆణ్ణి ముట్టుకుని కళ్ళకద్దుకోబోనాను."

"వాణ్ణా?"

"అలవాటైపోనాదమ్మా. నాను వొంగీసరికి మళ్ళీ కొడతానేటోనని కుంటుకుంటూ పారిపోనాడు."

మా మరదలు నేల మీద చతికిలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "వాడికెందుకమ్మా దండం? మూటకే పెట్టాలి. మూట ఏ పాపం చేసింది?" అంది. అందరూ నవ్వారు. ఆ దండం ఫ్రెంచివాళ్ళ ఆచారమని వాళ్ళంతా అనుకుంటున్నారని వాళ్ళ మాటల్లో ఆ రోజే నాకు తెలిసింది. లోపలికి వచ్చి దీపంలో నూనె పోశాను.

ఆమె పోయిన పదకొండో రోజున ఇల్లు పట్టనంత మంది వచ్చారు. దూరాన సంచౌంగ్ పేట నుంచి కూడా నడిచి వచ్చారు. అందరి నోటా ఆమె మాటే. నేను పోతే ఇందరు వస్తారా అనిపించింది. నాకంటే చిన్నది. దేవుడి దగ్గరికి కూడా నాకంటే ముందే వెళ్ళింది.

సాయంత్రం జనం పలచబడ్డాక తమ్ముడు కత్తి తీసుకుని వసారాలోకి వెళ్ళాడు.

"ఈ మూట సూత్తుంటే ముద్ద దిగడం నేదప్పా. కోసీస్తాను."

"కొయ్యకు నాన్నా. శనివారాలు నాను సెప్తాను" అంది మా మేనకోడలు.

"నీ మాట ఎవులింటారే?"

వాడు నా వైపు చూశాడు. మా ఇంట్లో ఆఖరి మాట నాది. మూట దిగితే నా ముందుగది మళ్ళీ నిండుతుంది. అది నాకు తెలుసు. అక్కడున్న ఆడవాళ్ళకూ తెలుసు.

వంతెన దగ్గర వాణ్ణి తన్నిన మిల్లు ఆమె మెల్లిగా అంది. "సెప్తే సెప్పు గాని పిల్లా, ఆ కళ్ళకద్దుకోడం మానీకు. ఫ్రెంచోల్ల ఆచారం."

"ఫ్రెంచోళ్ళది కాదు. అది మా అత్తది" అంది పిల్ల. "అమ్మ నాకు ఎన్నిసార్లు సెప్పిందో. తన్ను మా నాన్నది, దండం మీ అత్తది, రెండూ వస్తేనే నీకు విద్య వచ్చినట్టు అనేది."

అందరూ నా వంక చూశారు. నేను మూట వంక చూశాను. గోనె మీద జోడు అంచు తగిలిన చోట పీచు లేచిపోయి ఉంది. దాని పక్కనే చెయ్యి ఆనినంత మేర, అందరూ తాకి తాకి, నూనె మెరుపుతో నున్నగా, నల్లగా తేలింది.

తమ్ముడి చేతిలోంచి కత్తి తీసుకుని వంటింట్లో పెట్టి వచ్చాను. అప్పుడు మేము అనుకున్నది ఇది. శనివారం భజన ముందు, అది అయ్యాక వసారా. మేనకోడలు నేర్పుతుంది. శనివారాల్లో మూట ఊగిపోకుండా ఇన్నాళ్ళూ వెనక నుంచి పట్టుకున్నది తమ్ముడు. వాడు ఇక పట్టుకోలేనన్నాడు. నేను పట్టుకుంటాను.