మిర్చి గోతాల్లో తువ్వాళ్లు

నడుస్తున్న షెడ్డుకి తాళం పడాలంటే అగ్గిపుల్ల గీయక్కర్లేదు. నాలాంటి చదువుకున్న మేనల్లుడు ఒక్కడుంటే చాలు. ఆ ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి. మధ్యలో నేను నవ్వకపోతే మాత్రం ఏమీ అనుకోకండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా అమ్మ తమ్ముడు యేసురత్నం మావయ్యకి చీరాలలో చిన్న మరమగ్గాల షెడ్డు ఉండేది. తువ్వాళ్లు నేసేవాడు. సరుకు కదలక మగ్గాలు వారంలో సగం రోజులు పడుకునే ఉండేవి. షెడ్డు మూసేద్దామా అని మావయ్యా అత్తయ్యా గుసగుసలాడుకునే రోజుల్లో మద్రాసు నుంచి ఫోనొచ్చింది. విదేశాల వాళ్లకి తువ్వాళ్లు ఎంచిపెట్టే ఏజెంటు మేడమ్.

"మీ నేత బాగుందండి. కానీ ప్యాకింగ్‌కి ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్ మా వాళ్లకి పనికిరావు. మట్టిలో కలిసిపోయేది, మళ్లీ వాడుకునేది ఏదైనా చూడండి. నేనొచ్చి చూసి ఓకే అంటే ఏడాది పొడుగునా ఆర్డర్లు మీకే."

మావయ్య ఫోన్ పెట్టేసి నా వంక చూశాడు. గుంటూరులో బీకాం వెలగబెట్టి, ఉద్యోగం లేక ఆయనింట్లో మూడుపూటలా మెక్కుతున్నవాణ్ణి కదా!

"ఏరా, నీకేమన్నా తోస్తోందా?"

"తోయకపోవడమేంటి మావయ్యా? గోతాల్లో కడదాం."

"కొత్త గోతాలు తెప్పించనా?"

"కొత్తవెందుకు? వాడిందే వాడాలంటోంది ఆవిడ. గుంటూరు మిర్చి యార్డులో పాతవి గుట్టలు పడున్నాయి."

"మిర్చి గోతాలా! ఘాటుండదూ?"

"ఉతికిస్తాగా! నీకెందుకు, నాకొదిలెయ్."

అయ్యా, మీ ఇంట్లో ఎవడైనా ఇంత ధైర్యంగా 'నాకొదిలెయ్' అంటే వాణ్ణి ముందుగా ఓ గదిలో పెట్టి గొళ్లెం వేయండి.

గోతాలు కొన్నాను. కాలువలో ఉతికించాను. నీళ్లు ఎర్రగా పారితే, హమ్మయ్య, కారమంతా పోతోందనుకున్నాను. ఎండబెట్టి, పరీక్ష కూడా చేయించాను, అంత తెలివితక్కువవాణ్ణేం కాదు. పరీక్షకుడు మా బాజీ. యార్డులో కాటా దగ్గర పని వాడిది, నడక నేర్చింది కూడా మిరపకాయల బస్తాల మధ్యే. గోతాంలోకి మెడదాకా తల దూర్చి గట్టిగా పీల్చాడు.

"ఘాటుందా?"

"ఘాటా? ఏదిరా? మల్లెపూలు మూటగట్టినట్టుంది."

నేనూ దూర్చి చూశాను. నిజమే, ఏమీ లేదు. పొద్దున్నే ఇడ్లీలో గొడ్డుకారం అద్దుకు తినే మా ముక్కులు ఎప్పుడో చచ్చాయని, చచ్చిన ముక్కుతో వాసన చూడకూడదని నాకప్పుడు తట్టలేదు.

తువ్వాళ్లు గోతాల్లో కుక్కి, బిగించి కుట్టించాం. అసలే మే నెల, పైన రేకుల కప్పు. మేడమ్ వచ్చేదాకా ఆ మూటలు లోపల్లోపల ఉడికాయి.

ఆవిడ గుమ్మంలో కాలు పెట్టగానే తుమ్మింది.

"దుమ్మండీ," అన్నాను.

మూట విప్పించింది. తువ్వాలు అందుకుని అంచు తడిమింది. "చాలా బాగా నేశారండి. గోనె సంచి ఆలోచన ఇంకా బాగుంది," అంటుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మావయ్య నా చెవిలో, "చూశావురా, మన పనితనానికి ఆ తల్లి కరిగిపోయింది," అన్నాడు.

అప్పుడు నేను, ఈ చెయ్యి విరిగిపడినా బాగుండేది, అదే మూటలోంచి ఇంకో తువ్వాలు లాగి, "తుడుచుకోండి మేడమ్," అని అందించాను.

తుడుచుకుంది. ఆ కేక వీధి చివర కిళ్లీ కొట్టుదాకా వినబడిందట.

"నీళ్లు! నీళ్లు!"

"నీళ్లు కాదు, పాలు పట్టుకురండే!" అని అత్తయ్య అరుపు. నేను కంగారులో విసనకర్ర తెచ్చి విసిరాను. మూటల్లో ఉన్న కాస్త పొడి కూడా లేచి అందరి మీదా పడింది. తుమ్మడం కూడా మరిచిపోయినవాడు మావయ్య ఒక్కడే.

మంట తగ్గాక, పండుమిరపకాయల్లాంటి కళ్లతో ఆవిడ మెల్లగా అంది. "ఇవి పసిపిల్లలకి ఒళ్లు తుడిచే తువ్వాళ్లండీ."

ఆ మాటకి నా నవ్వు ఇవాళ్టికీ ఆగిపోతుంది.

"కొత్త గోతాల్లో మళ్లీ కట్టిస్తానమ్మా, ఒక్కసారి చూడండి," అని మావయ్య చేతులు జోడించాడు.

"సరుకుకే పట్టేసిందండీ. నేను పూచీ పడలేను." ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఎన్నిసార్లు ఉతికినా ఆ తువ్వాళ్లు ఎవరూ కొనలేదు. ఆర్డరు మీద ఆశతో తెచ్చిన నూలు అలాగే ఉండిపోయింది. వానాకాలం వెళ్లేలోగా మగ్గాలు పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి.

లారీ వచ్చిన రోజు మావయ్య గుమ్మంలో కూర్చున్నాడు. అప్పటిదాకా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, నాలుగు తన్నినా బాగుండేది. మగ్గాల మోటార్లు విప్పినవాడు, "వీటిని దేంట్లో కట్టమంటారండీ?" అని అడిగాడు.

మావయ్య తలెత్తకుండానే నా వైపు చెయ్యి చూపించాడు. "వాణ్ణడగవయ్యా. ప్యాకింగ్ మా వాడి డిపార్ట్‌మెంటు."

లారీ వాళ్లందరూ పగలబడి నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు. ఆ మోటార్లు నేనే కట్టాను.

కాబట్టి బీకాం పట్టా మీద చెయ్యేసి, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ప్లాస్టిక్ లేకుండా సరుకు కట్టే బాధ్యత మళ్లీ ఎవరైనా నా నెత్తిన పెడితే, గోతాం ముట్టుకునే ముందు పొరుగు రాష్ట్రం నుంచి ఒక మంచి ముక్కుని అద్దెకి తెచ్చుకుంటాను.

ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.