ఏనుగు చెవులకు ఉన్ని దుప్పటి

అరకులో బడిపంతులుగా రిటైరైన సమూయేలు మాస్టారికి ఇంట్లో మనుషుల మీద లేని శ్రద్ధంతా కుండీల్లో పెంచే ఏనుగు చెవి మొక్కల మీద ఉంది. చేమ జాతి మొక్కలే, ఆకులు మాత్రం చేటంత ఉంటాయి. పొద్దున్నే ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడుస్తాడు. వీధిలో పలకరించిన వాళ్లకు జవాబు చెప్పడు గానీ, ఆకు పక్కన తన మొహం పెట్టి ఫొటో తీసి చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపుతాడు. ఎవరైనా మెచ్చుకోకపోతే ఫోన్ చేసి మరీ అడుగుతాడు. చలికాలం రాగానే, బయటుంటే చచ్చిపోతాయని కుండీలన్నీ పడకగదిలోకి చేరుస్తాడు.

మొన్న డిసెంబరులో మంచు బాగా కురిసినప్పుడు భార్య సుజానాకు జ్వరం వచ్చింది. ఆమె కప్పుకున్న ఉన్ని దుప్పటి లాగి, కిటికీ పక్కనున్న కుండీల మీద కప్పాడు.

"ఏటి సేత్తన్నారు? నాను వణికిపోతన్నాను," అంది సుజానా.

"నువ్వు మాత్రేసుకున్నావు కదే. పాపం, అవేటి సేత్తాయి?" అన్నాడు మాస్టారు, అంచులు సర్దుతూ.

సుజానా లేచి, దుప్పటి తీసి భుజాల చుట్టూ కప్పుకుంది. తెల్లారాక దాంతోనే కొయ్యూరులోని చెల్లెలింటికి బస్సెక్కింది. ఎప్పుడొస్తావని మాస్టారు అడగలేదు. ఆ సాయంత్రమే ఆమె మంచం ఎత్తి గోడకు నిలబెట్టి, ఆ చోట ఇంకో మూడు కుండీలు పెట్టాడు. ఫొటో తీసి అందరికీ పంపుతూ కింద, ‘ఇప్పుడు ఇరుకు లేదు’ అని రాశాడు.