తాటిచెట్టు మీదికెల్లి ఫోన్

నవ్వుతరని తెలుసు, అయినా చెప్తున్న. మొన్న ఐతారం నన్ను తాటిచెట్టు మీదికెల్లి దించుటానికి మా అన్న రావల్సి అచ్చింది. మాది కల్లు గీసే ఇల్లు. ఇగ ఊర్ల నా ఇజ్జత్ ఎట్లున్నదో మీరే అనుకోండ్రి.

అసలు సంగతి మా బిడ్డ అక్షరది. బిల్డింగ్ పనికి పోయి మస్కట్ క్యాంపుల ఉన్నప్పుడు ప్రతి శుక్రారం వీడియో కాల్ చేస్త. ఫోన్ల ఆ పొల్ల నోరు ఆగది. అక్కడ నా చుట్టూ ఇసుక, ఇనుప రాడ్లు. పచ్చటి చెట్టు చూడాలని పానం కొట్టుకునేది. డ్యూటీ దిగినంక అడవిల బతికేటోళ్ల వీడియోలు చూసేది. బుష్‌క్రాఫ్ట్ అంటరట. కట్టెకు కట్టె రాకి నిప్పు చేసుడు, ఆకులతోని గుడిసె ఏసుడు. బిడ్డకు గూడ పంపేది.

"బాపూ, నీకస్తదా గిట్ల?" అనడిగింది.

"రాకేంది? చుట్టికి అచ్చినంక మన గుట్ట కాడ చేసి చూపెడ్త" అని కోతలు కోసిన.

కంపెనీల సెలవు దొరికింది, చుట్టికి ఇంటికచ్చిన. పొల్ల నాతోని ఒక్క మాట మాట్లాడ్తలేదు! చాక్లెట్ తీసుకుంటది, తల్లి కొంగు ఎన్కకు పోతది. ఏం చదువుతున్నవ్ బిడ్డా అంటే తల్లి మొకం చూస్తది. ఇంటికి చుట్టమచ్చినట్టే నేను. అటు వాపస్ పోయే టికెట్టు దగ్గరపడ్తున్నది. పోయేలోపు ఒక్కసారన్న ఎదురుంగ నిలవడి నాతోని మాట్లాడితే సాలనుకున్న.

అందుకే తల్లీబిడ్డలను మేడిపల్లి దిక్కు గుట్టకు తీసుకపోయిన. కట్టెలు రాకుడు షురూ చేసిన. రాకిన, రాకిన, చేతులకు బొబ్బలు లేచినయ్ గని పొగ గూడ రాలే. మా లత సంచిలకెల్లి అగ్గిపెట్టె తీసి ముంగట పెట్టింది. "గిది ముట్టిస్తే అన్నమన్న తిందుము" అన్నది.

తాటి పీచయితే జల్ది అంటుకుంటదని యాదికచ్చింది. చెట్టు మీదున్నది. ఆన్నే తాటిచెట్ల కాడ మా అన్న మోకు, కాళ్లకేసే తాడు ఉన్నయ్. మోకు నడుముకు, చెట్టుకు కలిపి ఏసుకొని ఎక్కిన. నిజం చెప్పాలె, మంచిగనే ఎక్కిన. పైన పాత మట్టల మొదళ్ల మీద నిలవడ్డ.

ఇగ మస్కట్ అలవాటు. సైటు మీద బెల్టు తగిలించినంక కాళ్లు తిమ్మిరెక్కితే విదిలిచ్చుకుంటం. గట్లనే విదిలిచ్చిన. కాళ్ల తాడు పోయి తంగేడు పొదల వడ్డది. అది లేకుంట కిందికి జారుడే. లత మొత్తుకుంట, ఎన్నడు ఫోన్ ఎత్తని మా అన్న కోసం ఉరికింది. ఊరు పక్కనే. తన ఫోన్ బిడ్డ చేతిల పెట్టి పోయింది, అది నేను చూడలే.

"భయమైతుందా బిడ్డా?" అని పైకెల్లి అడిగిన. తలకాయ అడ్డం ఊపింది.

లత ఎందాక పోయిందో అని జేబులకెల్లి ఫోన్ తీసి చేసిన. కింద ఫోన్ మోగింది. పొల్ల ఎత్తింది.

"బాపూ, తిన్నవా?"

శుక్రారం అడిగినట్టే. తినలే బిడ్డా అన్న. ఇగ షురూ చేసింది. టీచరు కొట్టిన ముచ్చట, పక్కింటి పిల్లి పిల్లలు పెట్టిన ముచ్చట, అమ్మ నా ఫోటో చూసుకుంట ఏడ్చిన ముచ్చట. చెట్టుకు నెత్తి ఆనిచ్చి, ఫోన్ చెవుకు పెట్టుకొని విన్న. అప్పటిదాంక నేల దిక్కు చూసినామె మాట్లాడుకుంట మాట్లాడుకుంట నా దిక్కు చూడవట్టింది. కండ్లు తుడుసుకుందామంటే ఒక చెయ్యి మోకు మీద, ఇంకో చెయ్యి ఫోన్ మీద.

"ఎప్పుడస్తవ్ బాపూ?" అన్నది.

ఏండ్లసంది గా మాటకు వచ్చే ఎండకాలం అనే చెప్పిన. ఈసారి, "మీ పెద్దబాపు రాంగనే అస్త బిడ్డా" అన్న.

అన్న రానే అచ్చిండు. ఇంకో మోకు ఏసుకొని సగం దాంక ఎక్కి, "మన ఇంట్ల పుట్టి చెట్టు మీద ఇరుక్కున్నవా? సిగ్గున్నదా? పట్టు, దిగు" అని కాళ్ల తాడు అందిచ్చిండు.

నేనేమన్ననో తెలుసా? "జర ఆగన్నా, బిడ్డ ఫోన్ల ఉన్నది."