ఆట చూసి చెప్పు

నా చిన్నప్పుడు మేం సూరత్‌లో, ఉధ్నా పవర్‌లూమ్ కార్ఖానాల వెనక ఒకే గది ఇంట్లో ఉండేవాళ్లం. ముట్టయినవాళ్లు విడిగా కూర్చోవడానికి ఆ గదిలో మూల ఎక్కడిది? అందుకే మా నాయనమ్మ మైల పట్టింపులన్నీ ఊళ్లోనే వదిలేసి వచ్చింది. ఒక్క నమ్మకాన్ని మాత్రం మూటగట్టుకుని తెచ్చుకుంది. ముట్టు రోజుల్లో ఆడదాని బుర్ర పనిచేయదట.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఊళ్లో బడులన్నిటికీ కలిపి వరాఛా పేటలో నోటి లెక్కల పోటీ పెట్టారు. మా తెలుగు బడి తరఫున నన్ను ఎంపిక చేశారు. సరిగ్గా పోటీ నాటి పొద్దునే నాకు ముట్టయింది. "పోయి బడి పరువు తీస్తవా? ఇంకో పిల్లను పంపుమని చెప్పొస్త" అని నాయనమ్మ చెప్పులేసుకుంది. ఆవిడ మాటకు మా ఇంట్లో తిరుగులేదు. నేను ఏడుపు లంకించుకున్నాను.

ఆ ఏడుపు విని పక్కింటి అక్క వచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. మధ్యాహ్నాలు నాయనమ్మతో వామనగుంటలు ఆడేది. చింతగింజలు పంచే ఆ ఆటలో నాయనమ్మను అప్పటిదాకా ఓడించినవాళ్లు మా ఇళ్ల లైనులో లేరు. ఆ వారమే, మంగళవారం నాడు, నాయనమ్మ మొదటిసారి అక్క చేతిలో ఓడి ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

అక్క వాదన పెట్టుకోలేదు. "అవ్వా, నాకు గూడ ఈ వారమే ముట్టయింది. ఏ రోజో నా ఆట చూసి చెప్పు జర" అంది.

నాయనమ్మ తడుముకోలేదు. "శుక్రవారం. గింజలు గుంట తప్పి ఏసినవ్ గద."

"గురువారం నైట్ డ్యూటీ చేసి శుక్రవారం ఆడిన, నిద్ర లేదు. ముట్టయింది మంగళవారం."

అప్పుడు అక్క నెమ్మదిగా విడమరిచి చెప్పింది. నెలనెలా ఒంట్లో హార్మోన్లు ఎక్కువ తక్కువలవుతాయనీ, అవి మెదడు దాకా వెళతాయనీ, కొందరికి నొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం నిజమేననీ, అంతమాత్రాన తెలివి ఎక్కడికీ పోదనీ. నాయనమ్మ ఇదంతా విన్నదో లేదో తెలియదు. "అయితే మంచిగున్న బుర్రతోనే నన్ను ఓడగొట్టినవన్నట్టు" అని గొణిగి, నాకు జడ వేయడానికి దువ్వెన తీసింది.

అక్క ఇచ్చిన నొప్పి గోలీ వేసుకుని నాయనమ్మ వెంట ఆటోలో వెళ్లాను. నడుము లాగుతూనే ఉంది. లెక్కలకు మాత్రం, పోటీవాళ్లు అడగడమే ఆలస్యం, జవాబులు వచ్చేశాయి. మొదటి బహుమతి నాదే. అంత సంతోషం నేను మళ్లీ చాలా ఏళ్ల దాకా ఎరగను.

తిరిగొచ్చాక నాయనమ్మ లైను మొదట్లోనే ఆటో దిగి, వచ్చీరాని హిందీలో ఇంటింటికీ చెప్పింది, మా పిల్ల ముట్టులోనే గెలిచిందని. గుజరాతీవాళ్ల ఇళ్లనూ వదల్లేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు నేనే నాయనమ్మనయ్యాను. నెలసరి రోజున పరీక్షకు వెళ్లే మనవరాలికి గోలీ ఇచ్చి, నొప్పి ఉంటే ఉండనీ, తెలివి నీదే అని చెప్పి పంపుతాను. గెలిచి వస్తే వీధంతా వినబడేలా చాటుతాను. అది నాలా సిగ్గుపడదు, పక్కనే నిలబడి నవ్వుతుంది.