పరుపు కింద కలం చప్పుడు

దయ్యాలంటే నాకు నవ్వు. గల్ఫ్‌లో మా లేబర్ క్యాంపులో ఎవడైనా ఆ కథలు మొదలుపెడితే, "దానికి వీసా ఎవడిచ్చిండురా?" అని అడిగేవాణ్ణి. ఇప్పుడు కూడా నమ్ముతానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

కరోనా తగ్గాక సంగతి. అల్ ఖూజ్‌లో ఒక గోదాములో నేను వడ్రంగిని. ఎగ్జిబిషన్లకు వచ్చే పాత వస్తువుల పెట్టెలు విప్పడం, మళ్లీ బిగించడం మా పని. ఆ వారం ఒక గ్రీకు బైబిలు వచ్చింది. దాదాపు వెయ్యేళ్ల కిందట ఒక సన్యాసి గొర్రెతోలు మీద చేత్తో రాసిన సువార్తలు. అందులో ఒక పుటను ఎవరో ఎప్పుడో కోసి అమ్ముకున్నారట. పుస్తకం ఒక దేశంలో, పుట ఇంకో దేశంలో ఉండిపోయాయి. ఇన్నాళ్లకు రెండూ కలుస్తున్నాయని, పుస్తకం వెంట వచ్చిన గ్రీకు మేడమ్‌కు ఒకటే సంబరం.

పుట వచ్చిన పెట్టె శనివారం విప్పింది నేనే. లోపలి అట్టపెట్టెను బల్ల మీద పెట్టి, అడుగున ఉన్న ఫోమ్‌ను సాయంత్రం బస్సులో సజ్జా క్యాంపుకు తెచ్చుకున్నాను. చెత్త ఫోమ్ పరుపు కింద వేసుకోవడం మా అందరికీ అలవాటే. మేము ముదీర్ అని పిలిచే మేనేజరు కూడా ఏమీ అనేవాడు కాదు.

ఇలా పరుపు వేశానో లేదో, ముదీర్ ఫోన్. అట్టపెట్టెలో కాగితాలే ఉన్నాయట, పుట లేదట. సోమవారం పొద్దుటికి దొరక్కపోతే పోలీసులు, ఖలాస్ అన్నాడు. నేను దొంగనా! పదకొండేళ్లలో మేకు కూడా జేబులో వేసుకోలేదు. ఆ రాత్రంతా బయటే కూర్చున్నాను.

ఆదివారం మధ్యాహ్నం కాస్త నడుము వాల్చితే చెవి కింద గరగర. ఆగింది. మళ్లీ గరగర. నల్లులేమోనని పరుపు దులిపాను. ఒక్కటీ లేదు. కింది మంచం మీది గౌస్ భాయ్, కడప మనిషి, లేచి కూర్చున్నాడు.

"మల్లేశా, నీ పరుపు కింద ఎవురో రాస్తాండారు రా!"

"నీక్కూడ ఇనవడ్తుందా భాయ్?"

ఫోమ్ లాగాను. అది అంటించిన రెండు పొరలు. మధ్యలో తెల్ల అట్ట. తెరిస్తే బంగారు రంగులో ఒక పెద్ద అక్షరం, దాని కింద చీమల బారులా రాత. నా కేకకు క్యాంపంతా పరిగెత్తుకొచ్చింది.

అప్పటికప్పుడు నేనూ గౌస్ భాయ్ టాక్సీలో అల్ ఖూజ్ చేరాం. నలగకుండా అక్కడివాళ్లు పుటను ఫోమ్ పొరల మధ్య పెట్టి, ఆ మాట చెప్పడం మరిచారంటూ మేడమ్ భూతద్దం పెట్టి చూసింది. నేను దాని మీద పడుకున్నా ఒక్క ముడత లేదు! పుస్తకంలో కోసిన చోట ఆనిస్తే అచ్చంగా సరిపోయింది. ఆమె ఏడ్చేసింది. ముదీర్ తల దించుకుని చాయ్ తెప్పించాడు.

చప్పుడు సంగతి చెబితే ఆమె నవ్వలేదు. సంచిలోంచి రెల్లు కలం తీసి ఒక తోలు ముక్క మీద రాసి చూపించింది. అదే గరగర.

ఎలుకై ఉంటుందన్నారు కొందరు, భ్రమ అన్నారు ఇంకొందరు. ఇద్దరికీ ఒకే భ్రమా? ఎవరు రాశారో, నన్నే ఎందుకు లేపారో ఇప్పటికీ చెప్పలేను.

ఎగ్జిబిషన్ మొదటి రోజు అద్దం వెనక పుస్తకం, పుట పక్కపక్కనే ఉన్నాయి. కాపలావాడు పనివాళ్లమని మమ్మల్ని వెనక్కి జరగమన్నాడు. మేడమ్ అతణ్ణి ఆపి, ఈ పుటను తెచ్చింది ఈయనే అని చెప్పింది. నేను ఛాతీ విరుచుకుని అక్కడే నిలబడ్డాను.