మూకుడులో కలిపిన నలుపు

నా చిన్నప్పుడు మేము పాల్వంచలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న షిఫ్టు డ్యూటీకి పోతే ఇంటి పనీ, నా బడి పనీ అమ్మే చూసుకునేది. ముప్ఫై అయిదేళ్లు నిండకముందే అమ్మ తల సగం నెరిసింది. ఆమెకు ఆ చింతే లేదు, సిగ్గంతా నాదే. ఒకసారి మార్కుల కార్డు మీద సంతకం పెట్టడానికి అమ్మ బడికి వస్తే, నా పక్క బెంచీ పిల్ల "మీ నాయనమ్మ వచ్చిందే" అంది. ఆ మాట అమ్మకు చెప్పలేదు గానీ, తలకు రంగు వేసుకొమ్మని వారం రోజులు ఆమె ప్రాణం తీశాను.

నా పోరు పడలేక వేసుకుంది. తెల్లారేసరికి నుదురు ఉబ్బింది, కళ్లు మూసుకుపోయాయి, చెవుల వెంబడి నీరు కారింది. ఆ రంగు ఆమె ఒంటికి పడదని, ఇంకోసారి తగిలితే ప్రాణం మీదికే రావచ్చని దవాఖానాలో డాక్టరు గట్టిగా చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. కానీ అమ్మ ముఖం మామూలుగా అయ్యేసరికి నా బుద్ధి కూడా మామూలుకే వచ్చింది.

అడవి పల్లె నుంచి సంతకు విస్తరాకులు తెచ్చే ఒక అవ్వ అమ్మకు గోరింటాకు సంగతి చెప్పింది. "జల్దీ చెయ్యకు బిడ్డా, ముందుగాల చెవెనక రాసి ఒక దినం సూడు" అంది. అమ్మ అట్లాగే చూసుకుంది. దురద లేదు, దద్దు లేదు. మర్నాడు ఆకు రుబ్బి, టీ డికాషన్ పోసి, ఇనుప మూకుడులో నానబెట్టింది. అయితే తెల్ల వెంట్రుక గోరింటాకుతో ఎర్రబడుతుందే తప్ప నల్లబడదని పక్కింటి అక్క నవ్వుతూ అంది. తెల్ల తలకే అంత మాట అన్నవాళ్లు ఎర్ర తలను చూస్తే ఊరుకుంటారా?

గూట్లో పాత రంగు పొడి సగం పొట్లం మిగిలి ఉంది. ఇంత ఆకులో ఆ కాస్త పొడి ఏం చేస్తుందిలే అనుకుని, ఎవరూ చూడకుండా మూకుడులో కలిపేశాను.

పొద్దున పక్కింటి అక్క అమ్మను పీట మీద కూర్చోబెట్టి, జుట్టు పాయలు తీసి, ముద్ద చేతిలోకి తీసుకుంది. ఉబ్బిన ఆ ముఖం నా కళ్ల ముందు కదిలింది. "వద్దక్కా! అండ్ల రంగు కలిపిన!" అని అరిచాను.

అక్క చెయ్యి ఆగిపోయింది. అమ్మ నా వైపు తిరిగి, చాలా మెల్లగా "ఎందుకు కలిపినవే?" అంది. బెంచీ పిల్ల అన్న మాట అప్పుడు చెప్పాను. అమ్మ ముఖం చిన్నబోయింది. నేను దెబ్బలకు సిద్ధపడి నిలబడ్డాను. అమ్మ లేచి, ఆ ముద్దను పెరట్లో గుంట తీసి పూడ్చింది. మూకుడు తోమించింది, ఆకు కోయించింది, నా చేతనే రుబ్బించింది. మళ్లీ చెవి వెనక రాసుకుని ఒక రోజు ఆగుతానంటే, ఇప్పుడేమీ కలపలేదని ఒట్టేశాను.

"నిన్ను నమ్ముత. మూకుడునే నమ్మను" అంది అమ్మ. అక్క పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత మార్కుల కార్డు మీద సంతకం పెట్టే రోజున అమ్మ దాసాని పువ్వులాంటి ఎర్ర తలతో, కొంగు కూడా కప్పుకోకుండా బడికి వచ్చింది. పిల్లలు కిసుక్కుమన్నారు. టీచరమ్మ కూడా ఏమిటిదని అడిగింది. "గోరింటాకు మేడం. నా బిడ్డనే రుబ్బింది, ఎంత మంచిగ పండిందో సూడుండ్రి" అంది అమ్మ. నేను పోయి ఆమె చెయ్యి పట్టుకుని, ఆ పిల్లల వైపు తలెత్తి చూశాను.

నేను చెప్పిన ఆ 'నాయనమ్మ' మాట అమ్మకు ఎంత గుచ్చుకుందో నాకు పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు. ఆ నొప్పిని తన దగ్గరే ఉంచుకుని, నలుగురిలో నన్ను మెచ్చుకుంది. నేను అమ్మంత ఓర్పు గలదాన్ని కాను, కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా పిల్లలు తప్పు చెప్పుకోవడానికి వస్తే ఆ కోపాన్ని కాసేపు గడప బయట నిలబెడతాను. ఇన్నేళ్లలో నా ఇంట్లో ఏ బిడ్డా నాకు భయపడి నిజం దాచలేదు.